గంటన్నరకే లేచి నిలబడాల్సి వస్తోంది: టూరింగ్ బైకుకు ఎలాంటి సీటు వేయించాలి?

ప్రశ్న: దూర ప్రయాణాల కోసమని మూడేళ్ల కిందట ఒక టూరింగ్ బైకు కొన్నాను. మిగతా విషయాల్లో దానికి వంక పెట్టలేను కానీ, గంటన్నర దాటేసరికి సీటు మీద కూర్చోలేకపోతున్నాను. మొదట పిరుదుల కింద మంట మొదలవుతుంది, ఆ తరువాత కాసేపు ఫుట్‌రెస్టుల మీద నిలబడి నడిపితే తప్ప ముందుకు సాగలేను. మెత్తగా ఉంటుందని ఒక జెల్ ప్యాడు కొని వేసుకుంటే అరగంట పాటు హాయిగా అనిపించింది, ఆపైన మళ్లీ మామూలే. బ్రేకు వేసినప్పుడల్లా ట్యాంకు మీదికి జారుతుంటాను కూడా. నా ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 82 కిలోలు. నా భార్య వెనుక కూర్చుంటే ఆమె కూడా నా మీదికి జారిపోతోంది. పేరున్న కంపెనీ రెడీమేడ్ సీటు కొనడమా, ఉన్న సీటునే ఫోము మార్చి కుట్టించుకోవడమా, గాలి నింపే దిండు వేసుకోవడమా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. దేనికి డబ్బు పెట్టమంటారు?

సమాధానం: మీరు నొప్పి గురించి వివరంగా రాశారు కానీ, నా కళ్లు ముందుగా పడ్డది మీరు ఆ పక్కన ఊరికే చెప్పి వదిలేసిన రెండు మాటల మీద. బ్రేకు వేసినప్పుడల్లా ట్యాంకు మీదికి జారుతున్నానన్నది ఒకటి, జెల్ ప్యాడు అరగంట పాటే మేలు చేసిందన్నది మరొకటి. మీ సీటు ముందుకు వాలి ఉందని మొదటిది చెబుతోంది, లోపలి ఫోము మీ బరువును మోయలేక అడుక్కి కూలిపోతోందని రెండవది చెబుతోంది. ఈ రెండింటిలో దేనికీ మెత్తదనం మందు కాదు. పైగా, ఇప్పుడున్న దానికన్నా మెత్తటి సీటు కొంటే మీ బాధ ఇంకా తొందరగా మొదలయ్యే అవకాశమే ఎక్కువ.

ఇది వినడానికి తిరకాసుగా ఉంటుంది కనుక కారణం కాస్త విడమరచి చెప్తాను. ఒక చెక్క బల్ల మీద నిటారుగా కూర్చుని, రెండు అరచేతులనూ పిరుదుల కింద పెట్టుకుని, నడుమును కొద్దిగా ముందుకూ వెనక్కూ ఊపి చూడండి. గుండ్రంగా, గట్టిగా రెండు ఎముకలు మీ వేళ్లను నొక్కుతూ తగులుతాయి. అవి కటి ఎముకకు అడుగు కొనలు. మనం ఎక్కడ కూర్చున్నా ఒంటి బరువులో ఎక్కువ భాగాన్ని మోయడానికి ఉన్నవి అవే. పెద్దవారిలో వాటి మధ్య దూరం చాలామందికి 10 నుంచి 14 సెంటీమీటర్ల లోపు ఉంటుంది, ఆడవారిలో సగటున కొంచెం ఎక్కువ. మీ కొలత తెలుసుకోవాలంటే ఒక అట్టపెట్టె ముక్కను బల్ల మీద వేసి, దాని మీద ఓ నిమిషం పాటు పాదాలు కొంచెం ఎత్తుగా పెట్టుకుని కూర్చుని లేవండి. అట్ట మీద రెండు గుంటలు పడతాయి, వాటి నడిమి నుంచి నడిమికి కొలిస్తే సరిపోతుంది. ఈ ఒక్క కొలత చేతిలో లేకుండా సీటు కొనడమంటే పాదం కొలత తెలియకుండా చెప్పులు కొనడమే.

ఇప్పుడు ఈ రెండు ఎముకల కింద మెత్తటి ఫోము ఉందనుకోండి. కూర్చున్న మొదటి పది నిమిషాలూ అది పరుపులా ఉంటుంది. తరువాత ఎముకలు ఫోమును అణచుకుంటూ దిగి, ఇక అణగడానికి ఏమీ మిగలని చోటికి చేరుకుంటాయి. అప్పటి నుంచి మీరు కూర్చున్నది ఫోము మీద కాదు, నలిగి గట్టిపడిన ఫోము పొర ఒకటి అడ్డుగా ఉన్న, సీటు అడుగునుండే ప్లాస్టిక్ తట్ట మీద. ఎముకకూ ఆ తట్టకూ మధ్య చిక్కుకున్న కండరానికి రక్తప్రసరణ తగ్గుతుంది, మీరు రాసిన మంట అక్కడి నుంచి పుడుతుంది. లేచి నిలబడగానే ఉపశమనం కలగడానికి కారణం రక్తం మళ్లీ పారడమే. అదే, గట్టిగా ఉండి మెల్లగా అణిగే ఫోమైతే ఎముకలను కొద్దిగా మాత్రమే దిగనిచ్చి, చుట్టూ ఉన్న కండ మీదికీ తొడల మొదళ్ల మీదికీ బరువును పంచుతుంది. మొదటి పది నిమిషాలు అది బల్లలా అనిపిస్తుంది, మూడో గంటలో దాని విలువ తెలుస్తుంది.

మరి కంపెనీలవారు మెత్తటి సీట్లే ఎందుకు వేస్తారని మీరు అడగవచ్చు. షోరూములో కొనేవారు సీటు మీద కూర్చునేది రెండు నిమిషాలు, ఆ రెండు నిమిషాల్లో మెత్తటిదే మనసుకు నచ్చుతుంది. పైగా 55 కిలోల మనిషికీ 110 కిలోల మనిషికీ అదే సీటు సరిపెట్టాలి. పొట్టివారికి కాళ్లు నేలకు అందాలి కనుక ముందు భాగాన్ని సన్నగా, పల్లంగా కోస్తారు. ఆ పల్లమే మిమ్మల్ని ట్యాంకు వైపు లాక్కుపోతున్న వాలు. వారిది మోసమని నేను అనను, అందరికీ కుట్టిన చొక్కా ఎవరికీ అతకదన్న సంగతే ఇక్కడా జరిగింది.

కాబట్టి కొత్త సీటు సంగతి తేల్చుకునే ముందు, పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటి చేయండి. వ్యాయామానికి నేల మీద పరుచుకునే చాప లాంటి దట్టమైన ఫోము షీటు నుంచి అరచేయంత వెడల్పున రెండు మూడు ముక్కలు కోసి, సీటు ముందు భాగాన ట్యాంకుకు ఆనించి ఒకదాని మీద ఒకటి పేర్చండి. వెనక్కి వచ్చేకొద్దీ పలచబడేలా, ముందు అంచు దగ్గర ఒకటిన్నర నుంచి రెండు సెంటీమీటర్ల మందం వచ్చేలా చూసుకుని, సామాన్లు చుట్టే పలచటి ప్లాస్టిక్ పొరతో సీటును చుట్టి బిగించండి. చూడడానికి అధ్వానంగా ఉంటుంది, పట్టించుకోకండి. అలాగే రెండు గంటలు నడిపి రండి. జారడం ఆగిపోయి, గజ్జల మీదా లోపలి తొడల మీదా ఒత్తిడి తగ్గితే, మీ బాధలో ఒక వంతు వాలుదేనని తేలిపోయినట్టు. జారుతున్న మనిషి తనకు తెలియకుండానే మోకాళ్లతో ట్యాంకును అదుముతూ, చేతులతో హ్యాండిల్‌ను తోస్తూ తనను తాను వెనక్కి నెట్టుకుంటూ ఉంటాడు. ప్రయాణం చివర మెడా భుజాలూ పట్టేయడానికి చాలాసార్లు ఇదే కారణం. మీరు భుజాల గురించి రాయలేదు కానీ, ఈసారి గమనించి చూడండి.

వాలును బైకు సైడ్ స్టాండు మీద ఉండగా కంటితో చూసి అంచనా వేయకూడదు. మీరు ఎక్కి కూర్చున్నాక సస్పెన్షన్ అణుగుతుంది, ముందు ఎంత, వెనుక ఎంత అన్నదాన్ని బట్టి వాలు మారుతుంది. చదునైన నేల మీద బైకును ఇంకొకరు నిటారుగా పట్టుకోగా, మీరు రెండు కాళ్లూ ఫుట్‌రెస్టుల మీద పెట్టి, హ్యాండిల్ పట్టుకుని మామూలుగా కూర్చోండి. పక్క నుంచి ఒక ఫొటో, వెనుక నుంచి ఒక ఫొటో తీయించుకోండి. సీటు ఎవరిచేత చేయించినా ఈ ఫొటోలు ఉపయోగపడతాయి, కొలతల ప్రకారం సీట్లు చేసేవారిలో చాలామంది వీటిని ముందుగా అడుగుతారు కూడా.

ఇక ఫోము విషయానికి వస్తాను. ఇక్కడ కొద్దిసేపు ఆగక తప్పదు, ఎందుకంటే సీటు ధరలో ఎక్కువ భాగం పైన కనబడే తోలుకే పోతున్నట్టు అనిపించినా, మీరు కొంటున్నది నిజానికి లోపల కనబడని ఫోమును. కొన్నేళ్ల కిందట నా పాత సీటు కవరును నేనే ఊడదీశాను. పైనుంచి చూస్తే సీటు నిక్షేపంగా ఉంది. లోపల మాత్రం సరిగ్గా ఎముకలు ఆనే రెండు చోట్లా బొటనవేలు పట్టేంత గుంటలున్నాయి, ఆ గుంటల్లోని ఫోము గోధుమరంగుకు తిరిగి గిల్లితే పొడిపొడిగా రాలింది. రెండు అంగుళాలు పక్కన అదే ఫోము కొత్తదానిలా ఉంది. నొక్కి చూసి సీటు బాగానే ఉందని ఎన్నోసార్లు అనుకున్నాను, అన్నిసార్లూ నేను నొక్కింది పక్కన.

ఫోముకు సంబంధించి రెండు మాటలు తరచుగా కలగాపులగం అవుతాయి. సాంద్రత అంటే ఒక ఘనమీటరు ఫోము ఎన్ని కిలోలు తూగుతుందన్నది. గట్టిదనం అంటే, సుమారు 20 సెంటీమీటర్ల వ్యాసమున్న గుండ్రటి పలకతో ఫోమును దాని మందంలో నాలుగో వంతు మేర అణచడానికి ఎంత బలం కావాలన్నది. ఈ రెండూ వేరువేరు. తక్కువ సాంద్రత ఉన్న ఫోమును కూడా రసాయనాలతో గట్టిగా ఉండేలా చేయవచ్చు. అది కొన్నప్పుడు గట్టిగానే ఉంటుంది, కొన్ని నెలల్లో కూలిపోతుంది. అందుకే సీటు చేసేవారిని మీరు అడగవలసినది 'గట్టి ఫోము వేస్తారా' అని కాదు, 'సాంద్రత ఎంత, గట్టిదనం ఎంత, నా బరువుకు అది సరిపోతుందా' అని. జవాబుగా రెండు అంకెలు చెప్పగలిగినవారు పని తెలిసినవారని నమ్మవచ్చు. ఊరికే బొటనవేలితో నొక్కి చూపించి 'ఎంత బాగుందో చూడండి' అనేవారి దగ్గర కాస్త జాగ్రత్తగా ఉండండి.

నా అనుభవంలో నిలిచిన పద్ధతి పొరల పద్ధతి. అడుగున దట్టమైన, గట్టి ఫోము ఆకారాన్నీ బరువునూ మోస్తుంది, పైన ఒకటి రెండు సెంటీమీటర్ల మందాన కాస్త మెత్తటి పొర ఎముకల మొనలను ఆదుకుంటుంది. మెత్తటి పొర అంతకు మించితే మళ్లీ మొదటికే వస్తుంది. మెమరీ ఫోము గురించి మీకు ఎవరో ఒకరు తప్పక చెబుతారు. 1966లో నాసా కోసం విమాన సీట్ల మెరుగుదలలో భాగంగా రూపొందిన పదార్థమది, వేడికి మెత్తబడి ఒంటి ఆకారం తీసుకోవడం దాని గుణం. ఆ గుణమే బైకు మీద దోషం కూడా. చలి ఉదయాన అది చెక్కలా బిగుసుకుంటుంది, మధ్యాహ్నం ఎండకు జావలా జారిపోతుంది. పలచటి పై పొరగా వాడితే పరవాలేదు, సీటంతా దానితోనే నింపితే మాత్రం మీరు రాసిన అరగంట హాయి కథే మళ్లీ నడుస్తుంది.

జెల్ మీద మీకు కోపం రావడం సహజం కానీ, తప్పంతా దానిది కాదు. జెల్ ఫోములా అణగదు, పక్కలకు కదిలి ఒత్తిడిని పంచుతుంది, సన్నటి అదురును కొంత మింగుతుంది. బాగా చేసిన సీటులో ఫోము మధ్యలో గుంట చెక్కి, అందులో జెల్ పలకను అమర్చి, పైన మరో పలచటి ఫోము పొర వేస్తారు. కూలిపోయిన ఫోము మీద దాన్ని ప్యాడుగా పరిస్తే, కూలిన గోడకు సున్నం వేసినట్టే. ఇంకొక సంగతి, జెల్ వేడిని పట్టి ఉంచుతుంది. ఎండలో గంటసేపు ఆపి ఉంచిన బైకు మీద నేరుగా జెల్ ప్యాడు మీద కూర్చున్న అనుభవం ఒక్కసారి అయితే చాలు, ఎవరూ దాన్ని మరచిపోరు.

ఆకారంలో వాలు తరువాత చూడవలసినది వెడల్పు. ఇందాక అట్ట మీద తీసిన కొలతకు రెండు పక్కలా తగినంత కండ ఆనే చోటు కలిపితే, మీరు కూర్చునే చోట సీటు ఎంత వెడల్పు ఉండాలో వస్తుంది. ఎముకలు సీటు అంచుల మీద కాక, చదునుగా ఉన్న భాగం లోపల పడాలి. అంచులు బాగా గుండ్రంగా జారిపోయిన సీటు చూడడానికి వెడల్పుగా ఉన్నా, కూర్చోవడానికి ఇరుకే. అయితే మీ ఎత్తు 168 సెంటీమీటర్లు కనుక ఇక్కడ ఒక ఇరకాటం ఉంది. సీటు ఎత్తు అని కంపెనీవారు ఇచ్చే అంకె ఒక్కటే చూసి కాలు అందుతుందో లేదో చెప్పలేం. సీటు ముందు భాగం వెడల్పయితే తొడలు ఎడమై, అదే ఎత్తులో కూడా కాళ్లు నేలకు అందవు. ఇది నేను డబ్బు పోసి నేర్చుకున్న పాఠం. ఒకసారి ముందూ వెనుకా ఒకే వెడల్పున సీటు చేయించుకున్నాను. రోడ్డు మీద అది సింహాసనంలా ఉండేది, సిగ్నల్ దగ్గర ఆగితే మాత్రం మునివేళ్ల మీద వేలాడేవాణ్ణి. నిండు సామానుతో, కొద్దిగా ఏటవాలుగా ఉన్న చోట ఒకనాడు కాలు అందక బైకు మెల్లగా పక్కకు ఒరిగిపోయింది. దెబ్బ తగల్లేదు, లేపడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చింది. ఆ సీటు చేసినవారిని నేను తప్పు పట్టను, వారు నేను అడిగినదే చేశారు. మీరు మాత్రం ముందు భాగం సన్నగా, కూర్చునే చోటు వెడల్పుగా, ఆ రెండింటి మధ్య మార్పు నెమ్మదిగా ఉండేలా అడగండి. ఆగినప్పుడు కొంచెం ముందుకు జరిగి కాలు పెట్టుకోవచ్చు, నడిచేటప్పుడు వెనక్కి జరిగి కుదురుగా కూర్చోవచ్చు.

సీటు ఎత్తు మారితే మోకాలి వంపూ, చేతుల వంపూ మారతాయన్నది కూడా గుర్తుంచుకోవాలి. కూర్చునే చోటు రెండు సెంటీమీటర్లు పెరిగితే మోకాళ్లకు ఎంతో హాయిగా ఉంటుంది, అదే సమయంలో హ్యాండిల్ అంత కిందికి పోయినట్టు అనిపిస్తుంది. నడుము ముందుకు వంగితే ఆ రెండు ఎముకలు ఆనే తీరు కూడా మారి, బరువు ముందు భాగం మీదికి పోతుంది. అందుకే మోకాళ్ల నొప్పి లేని మీలాంటివారు ఎత్తును వీలైనంత మార్చకుండా, వాలునూ వెడల్పునూ సరిచేసుకోవడమే మంచిది. కొన్ని బైకుల సీట్లకు రెండు ఎత్తుల్లో అమర్చుకునే వీలుంటుంది, ఉదాహరణకు బీఎండబ్ల్యూ ఆర్ 1250 జీఎస్ మామూలు సీటును 850 మిల్లీమీటర్ల ఎత్తులోనూ 870 మిల్లీమీటర్ల ఎత్తులోనూ పెట్టుకోవచ్చు. మీ బైకుకు అలాంటి ఏర్పాటు ఉందేమో ముందే చూసుకోండి, ఉంటే రెండింటిలో ఏది మీకు సరిపడుతుందో తేలాకే కొత్త సీటు కొలతలు ఇవ్వాలి.

ఇప్పుడు మీరు అడిగిన మూడు దారుల సంగతి. పేరున్న కంపెనీల రెడీమేడ్ సీట్లలో గొప్పవి ఉన్నాయి. అమెరికాకు చెందిన కార్బిన్ సీట్లు మొదట్లో రాయిలా గట్టిగా ఉంటాయి, చాలా దూరం నడిపి పాతబడితే గానీ ఒంటికి అలవాటు పడవు. రసెల్ వారి డే లాంగ్ సీటు పూర్తిగా రెడీమేడ్ కాదు, నడిపేవారి కొలతలు తీసుకుని చేసేది, అది రెండు పక్కలా రెక్కల్లా విచ్చుకుని తొడల మీదికి కూడా బరువును పంచుతుంది. 24 గంటల్లో 1000 మైళ్లు, అంటే సుమారు 1609 కిలోమీటర్లు నడిపినవారికి ధ్రువపత్రం ఇచ్చే ఐరన్ బట్ అసోసియేషన్ సభ్యుల బైకుల మీద అలాంటి సీట్లు కనబడడం మామూలే. వాటిని తలచుకుని నోరూరించుకోవద్దని నేను అనను, కానీ ఎక్కువ రెడీమేడ్ సీట్లు సగటు మనిషి కొలతకు చేసినవే. సగటు కొలతకు చేసినది మీకు అతికితే అదృష్టం, అతకకపోతే తిరిగి తీసుకుంటారా లేదా అన్నదే అసలు ప్రశ్న. కనీసం కొన్ని వందల కిలోమీటర్లు నడిపి చూశాక కూడా వెనక్కి తీసుకునే షరతు రాతపూర్వకంగా ఉంటే తప్ప, చూడకుండా, కూర్చోకుండా కొనవద్దు. మీ స్నేహితుల్లో ఎవరికైనా అలాంటి సీటు ఉంటే, మీదీ వారిదీ ఒకే మోడల్ బైకయితే, ఒక రోజు మార్పిడి చేసుకుని నడపడానికి మొహమాటపడకండి.

గాలి దిండు చాలామంది అనుకునేంత తక్కువది కాదు. ఎయిర్‌హాక్ వంటివాటిలో గాలి చిన్న చిన్న గదుల మధ్య కదులుతుంది, చక్రాల కుర్చీల్లో రోజంతా కూర్చునేవారికి ఒత్తిడి పుండ్లు పడకుండా చేసిన దిండ్ల సూత్రమే అది. దాన్ని వాడేవారిలో చాలామంది చేసే పొరపాటు గాలి ఎక్కువ నింపడం. బంతిలా ఉబ్బిన దిండు మీద మనిషి తేలుతూ, మలుపుల్లో పక్కలకు ఒరుగుతుంటాడు. నింపి, మీద కూర్చుని, ఎముకలు సీటుకు తగలడానికి ఇక ఒక వేలి మందమే మిగిలేదాకా గాలి వదలాలి. అలా చేస్తే మంచి ఫలితం ఉంటుంది. కానీ అది వాలును సరిచేయదు, పైగా మీకు ఇప్పటికే జారుడు ఉంది. అందుకే అద్దె బైకు మీదో, ఏడాదికి ఒకసారి చేసే పెద్ద ప్రయాణంలోనో వాడుకోవడానికి దాన్ని మనసులో ఉంచుకోండి.

మీకు నా సలహా రెండవ దారి, అంటే మీ కొలతకు కుట్టించుకోవడం. అయితే ఉన్న సీటును ఇవ్వకండి. అదే మోడల్‌కు చెందిన వాడిన సీటు ఒకటి సంపాదించి దాని మీద పని చేయించండి. అలా చేస్తే పని సాగినన్ని రోజులూ బైకు మూలన పడదు, ఫలితం నచ్చకపోయినా మొదటిది చెక్కుచెదరకుండా ఉంటుంది, బైకు అమ్మేనాడు దాన్ని తిరిగి వేసి ఇవ్వవచ్చు. వాడిన సీటు కొనేటప్పుడు ఫోమూ కవరూ ఎంత చెడినా ఫరవాలేదు. చూడవలసినది అడుగునున్న ప్లాస్టిక్ తట్ట పగుళ్లు లేకుండా ఉందా, తాళం నాలుకా ముందు కొక్కేలూ వంగకుండా ఉన్నాయా, కింది రబ్బరు దిమ్మలు అన్నీ ఉన్నాయా అన్నది. మీ బైకుకు బిగించి, తాళం పడిందో లేదో చూసుకున్నాకే తీసుకోండి.

పై కవరు విషయంలో ఎక్కువ చెప్పనవసరం లేదు. ఎముకలు ఆనే చోట కుట్టు గానీ, తాడులా ఉబ్బిన అంచు గానీ రాకూడదు. అది ఎంత అందంగా ఉన్నా రెండో గంటకు ముల్లవుతుంది. కూర్చునే చోట కొంచెం గరుకైన బట్ట ఉంటే జారడం తగ్గుతుంది. తోలు గాలి ఆడనిస్తుంది కానీ వానకు పనికిరాదు, రెగ్జిన్ వానకు తట్టుకుంటుంది కానీ చెమట పట్టిస్తుంది. కవరుకూ ఫోముకూ మధ్య పలచటి ప్లాస్టిక్ పొర వేయమని తప్పక చెప్పండి. కుట్ల రంధ్రాల్లోంచి దిగిన నీరు ఫోములో చేరితే, వాన వెలిసి రెండు రోజులైనా కూర్చున్నప్పుడల్లా పైకి ఊరుతుంది.

మీ భార్య ఇబ్బంది మీ ఇబ్బందికి కొనసాగింపే. వెనుక సీటు కూడా ముందుకు వాలి ఉంటే మీరు బ్రేకు వేసినప్పుడల్లా ఆమె మీ మీదికి వస్తుంది, మీరు ఆమె బరువును కూడా మోస్తూ మరింత ముందుకు పోతారు. వెనుక సీటును చదునుగానో, ఒక వెంట్రుక వాసి వెనక్కి వాలేలానో చేయించి, మీ సీటుకూ ఆమె సీటుకూ మధ్య స్పష్టమైన మెట్టు ఉంచమనండి. ఆ మెట్టు మీ నడుముకు కొద్దిగా ఆసరా కూడా అవుతుంది, కానీ అది మిమ్మల్ని ముందుకు నెట్టేంత దగ్గరగా ఉండకూడదు. కొలతలు ఇచ్చే రోజున ఆమెను కూడా తప్పక తీసుకువెళ్లండి. వెనుక కూర్చునేవారి కొలతలు ముందు కూర్చునేవారు చెప్పడం దాదాపు ప్రతిచోటా జరిగే పొరపాటు.

సీటుకు సంబంధం లేని రెండు మూడు కారణాలు కూడా ఉంటాయి, వాటిని ఈలోగా సరిచూసుకోండి. వెనుక సస్పెన్షన్ మీ ఇద్దరి బరువుకూ సామానుకూ తగినట్టు బిగించి ఉండాలి. మనుషులు కూర్చున్నాక అది తన మొత్తం కదలికలో సుమారు మూడో వంతు అణగడం సరైన లెక్క. మరీ బిగిస్తే ప్రతి గతుకూ నేరుగా వెన్నుకు చేరుతుంది, మరీ వదులైతే అడుక్కి కొట్టుకుంటుంది. మందపాటి కుట్లున్న ప్యాంటు, తడిసిన నూలు లోదుస్తులు, వెనుక జేబులో పర్సు, వీటిలో ఏ ఒక్కటైనా మంచి సీటును చెడగొట్టగలదు. మరొక మాట, మీకు ఉన్నది మంట కనుక భయపడనక్కర లేదు కానీ, ఎప్పుడైనా జననాంగాల దగ్గర తిమ్మిరి, కాలిలోకి పాకే నొప్పి, దిగిన తరువాత కూడా చాలాసేపు తగ్గని మొద్దుబారడం కనబడితే, సీటు కుట్టేవారి కంటే ముందు వైద్యుణ్ణి కలవండి.

ఇక కుట్టేవారి దగ్గరికి వెళ్లినప్పుడు వారితో ఒక్క ఒప్పందం చేసుకోండి. ఫోమును చెక్కి ఆకారం తెచ్చాక, కవరును పిన్నులు కొట్టి బిగించేయకుండా, ఆ దశలోనే సీటును మీ చేతికి ఇవ్వాలి. పని సగంలో ఉన్న వస్తువును ఇవ్వడానికి కొందరు ఇష్టపడరు, అందుకే ఈ మాట ధర మాట్లాడుకునే రోజునే చెప్పడం మేలు. ఫోమును ప్లాస్టిక్ పొరతో చుట్టి, మీ భార్యను వెనుక కూర్చోబెట్టుకుని, వాన లేని రోజున కనీసం రెండు గంటలు నడపండి. ఎక్కడ నొక్కుతోందో అక్కడ ఆగిన వెంటనే ఫోము మీదే మార్కర్‌తో గుర్తు పెట్టండి, ఇంటికి వచ్చాక పెడదామంటే చోటు గుర్తుండదు. ఆ గుర్తులతో వెనక్కి తీసుకువెళ్తే, ఇక్కడ అర సెంటీమీటరు చెక్కడం, అక్కడ ఒక పొర అతికించడం వారికి పది నిమిషాల పని. అదే కవరు బిగించాక అయితే మళ్లీ మొత్తం విప్పాలి. సాధారణంగా ఒకటి రెండు సార్లు తిరిగితే సరిపోతుంది, మూడోసారి కూడా అదే చోట నొప్పి వస్తే ఫోము గట్టిదనమే మార్చమని అడగండి.